గజేంద్రమోక్షము - అరణ్యవర్ణనము

పోతన భాగవతాష్టమస్కంధమున గజేంద్రమోక్షకథ త్రికూటపర్వతారణ్యవర్ణనముతో నారంభమగుచున్నది. ఇది కథకు బాహ్యాలంకారమని తోఁచుట సహజము. వృక్షనామములతో నిండిన దీర్ఘవచనము ఆ యూహకే ఊఁత యిచ్చును. అయితే చెట్ల పట్టిక సంస్కృతమూలమునందును గలదు. పోతన ప్రతిభ నచట వెదకరాదు.

మకరికిఁ జిక్కి బలము సన్నగిల్లిన గజేంద్రుఁడు, మూలమున, తోడి యేనుఁగులు గాని ఆఁడుయేనుఁగులు గాని తన్ను విడిపింపఁజాలవని తలంచి భగవంతుని శరణు చొచ్చును. పోతన గజేంద్రుఁ డంతతో నిలువఁడు. వనమున నితరగజయూథములు చిరకాలము తనకుఁ జేసిన సమ్మానమును, తన దానజలముచేఁ బెరిగిన చందనలతల నీడను స్మరించి, ఆ నీడ విడిచి నీటిపై నాశతో నిట కేల వచ్చితినని వగచును.

ఈ స్మరణమే మాకు ముఖ్యముగాఁ దోఁచుచున్నది. మొదట కవి కన్నులకుఁ గనఁబడిన యడవి యిప్పుడు ఆర్తుని కన్నులకుఁ గోల్పోయిన యిల్లుగాఁ గనఁబడుచున్నది. ఆ లతలను బెంచినది తన దానజలమే. కావున నడవిని దలంచుట తన బలమును దలంచుటయే. ఆ బలము నిష్ఫలమని యెఱిఁగిన పిదపనే మొర పుట్టినది. వర్ణనమును విడిచి మొర నొక్కదానినే బోధించువారు ఆ మొరకుఁ గల మూలమునే విడుచుచున్నారని మా యభిప్రాయము.