డిగ్రీ తరగతిలో ‘రాధికా సాంత్వనము’ - జెండర్ దృష్టి

తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానానికి చెందిన ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను శృంగారకావ్యమని పరిచయం చేసి ముగిస్తే, డిగ్రీ విద్యార్థికి ఒక కవయిత్రి పేరు అదనంగా తెలుస్తుంది, అంతే. జెండర్, లైంగికతల అధ్యయనం అక్కడినుంచే మొదలు కావాలి. తాను పెంచిన ఇళను రాధ స్వయంగా కృష్ణునికిచ్చి పెళ్ళిచేస్తుంది. పిదప విరహంతో, అసూయతో రగిలిపోతుంది. ఆమెను అనునయించవలసిన భారం కృష్ణునిది. స్త్రీ కోరికే కథను నడపడం ఇందులోని విశేషం.

ఈ కావ్యంలోని శృంగారాన్ని వీరేశలింగం తీవ్రంగా ఆక్షేపించారు. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ దీనిని పరిష్కరించి ప్రచురించారు. పురుషుల ప్రబంధాలకు వర్తించని నీతి స్త్రీ రచనకే ఎందుకన్నది ఆమె ప్రశ్న. ప్రభుత్వం గ్రంథాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మదరాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించిన కాలంలో గానీ ఆ నిషేధం తొలగలేదు.

తొలగనిది అధ్యాపకుల సంకోచం. మనుచరిత్రలో వరూధిని మాటలను బోధించేటప్పుడు ఇంత సంకోచం కనిపించదు. అక్కడ కోరిక స్త్రీదే, కలం పెద్దనది. నిజానికి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివించడమే మంచి పాఠం. కావ్యభాగంతోపాటు నాగరత్నమ్మ పీఠికనూ పాఠ్యాంశం చేస్తే, ఎవరి శృంగారం సాహిత్యమైందో, ఎవరిది అశ్లీలమైందో విద్యార్థులే చర్చించగలరు.