పాడుశబ్దవిచారము

తెలుఁగున 'పాడు' అను రూపము మూఁడర్థములఁ గానఁబడుచున్నది. గానము చేయుట యొకటి; శిథిలత్వము రెండవది; ప్రత్తిపాడు, కంకిపాడు, పెదనందిపాడు మొదలగు గ్రామనామముల తుదినున్నది మూఁడవది. కొందఱీ కడపటిదానిని రెండవదానితో నేకము చేసి, ఆ యూరు మున్ను పాడుపడినది గావున నట్టి పేరు గలిగెనని బాలురకు బోధించుచున్నారు. పిమ్మట నా వినాశమునకుఁ గారణముగా నొక దండయాత్రయో కఱవో కల్పింపఁబడును. శబ్దమందలి పొరపాటు చరిత్రమందలి యసత్యమగుట యిట్లే. కావున నిది విమర్శింపఁదగియున్నది.

సోదరభాషలఁ జూతము. తమిళమున గానార్థకము 'పాడు', శిథిలార్థకము 'పాఴ్', పల్లెకుఁ బేరు 'పాడి'. కన్నడమున మొదటిది 'హాడు', రెండవది 'హాళు'. తమిళమున నేఁటికిని నిలిచియున్న ఴకారము తెలుఁగునఁ బలుచోట్ల డకారమయ్యెను. అచ్చటి ఏఴు, కోఴి, కూఴ్ అనునవి మనకు ఏడు, కోడి, కూడు. రేనాటి చోళుల ప్రాచీనశాసనములలో నీ వర్ణమునకుఁ బ్రత్యేకలిపియే కలదు. ఆ శాసనములు దొరకిన ఎఱ్ఱగుడిపాడు, మాలెపాడు అను గ్రామముల పేరులును బాడుశబ్దాంతములగుట గమనింపఁదగును. వర్ణము నశింపఁగా భిన్నశబ్దములు సమానరూపమును బొందినవి. కావున నిది నానార్థములుగల యొక్క శబ్దము గాదు; ఒక్క రూపము దాల్చిన మూఁడు శబ్దములు. 1984లో వెలువడిన బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తికోశపు రెండవ కూర్పును వీనిని వేర్వేఱుగానే చూపుచున్నది.

తెలుఁగు వ్యవహారమే దీనికి సాక్షి. శిథిలార్థకము పాడుగుడి, పాడునుయ్యి యన్నట్లు ముందు నిలుచును. గ్రామార్థకము తుదను నిలిచి, ఔపవిభక్తికమై, 'పాటి' యగును. ప్రత్తిపాటివారను గృహనామ మిట్లేర్పడినది. పాడుగుడిని 'పాటిగుడి' యనువారు లేరు.

పాటిమన్ను, పాటిదిబ్బ యనుచోట్ల శైథిల్యము తోఁచుచున్నదిగదా యని యాక్షేపింపవచ్చును. అందు 'పాటి' యనఁగా ఊరి యనియే యర్థము. పూర్వగ్రామపు దిబ్బ యగుటచే శైథిల్యము వస్తువువలనఁ దోఁచునుగాని శబ్దమువలనఁ గాదని నా తలంపు.

పాడుశబ్దాంతమగు నూరొకటి నిజముగా నెన్నఁడేని పాడుపడియుండవచ్చును. దానికి శాసనమో త్రవ్వకమో సాక్ష్యము పలుకవలెను, పేరు పలుకదు. బాలురకుఁ దమ యూరిపేరు సెప్పునపుడు పండితు లీ భేదమును మఱవకుందురుగాక.