నాలుగు మూలల పిన్ను

బెర్గ్ స్ట్రిప్‌లోని ఒక పిన్నును కళ్ల దగ్గర పెట్టుకుని చూడండి. గుండ్రంగా ఉండదు, నలుచదరంగా ఉంటుంది. పక్క కొలత 0.64 మిల్లీమీటర్లు. పక్క పిన్నుకు దూరం 2.54 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో పదోవంతు. ఆర్డ్వినో పక్కన పెట్టే సెన్సర్ ముక్కలైనా, రాస్ప్‌బెర్రీ పై మీదున్న నలభై పిన్నులైనా అదే కొలత. ఇది గుండ్రంగా ఎందుకు లేదని మా ల్యాబులో ఎవరూ చెప్పలేదు. నిజానికి మేమూ అడగలేదు.

పేరు సంగతి కూడా తమాషానే. బెర్గ్ అనేది ఒకప్పటి అమెరికా కంపెనీ. 1972లో దాన్ని డూపాంట్ కొనుక్కుంది. అందుకే జంపర్ వైరు చివరుండే నల్ల గొట్టాన్ని చాలా దేశాల్లో డూపాంట్ అంటారు. మనమేమో అది ఎక్కే పిన్నుల వరసను ఇప్పటికీ బెర్గ్ అనే పిలుస్తాం. ఒకరికి అత్తింటి పేరు నిలిచింది, ఒకరికి పుట్టింటి పేరు.

కోఠి గుజరాతీ గల్లీలో ప్రాజెక్టు సామాన్లకు తిరిగే విద్యార్థి ముందు కొనేది రంగురంగుల జంపర్ వైర్ల పట్టీ. పిన్నుకు గుచ్చితే చాలు, పనైపోయినట్టే. ప్రాజెక్టు రివ్యూ రోజు బోర్డును చంకన పెట్టుకుని బస్సెక్కి దిగేసరికి ఏదో ఒక వైరు వదులవుతుంది. నల్ల గొట్టంలో ఉండేది చిన్న రేకు స్ప్రింగు. గుచ్చి తీసి, గుచ్చి తీసి దాని పట్టు సడలుతుంది. చౌకరకం వైర్లలో రాగి పోగులు కూడా లెక్కకు తక్కువే. ప్రోగ్రాములో తప్పుందనుకుని రాత్రంతా కోడ్ తిరగరాసి, తెల్లారాక వైరు కదిపితే పనిచేసిన సందర్భాలు నాకు రెండు చేతుల వేళ్లకు మించే ఉన్నాయి.

జంపర్లను సొంతంగా క్రింప్ చేసుకుంటే, అంటే ఆ రేకును వైరు చివర నొక్కి బిగించుకుంటే, చాలా మెరుగు. రేకుకు రెండు జతల రెక్కలుంటాయి. ఒక జత రాగి పోగుల్ని పట్టుకోవాలి, వెనక జత తొడుగును పట్టుకోవాలి. రెండు జతలూ పోగుల మీదే పడితే వైరు మెడ దగ్గర విరుగుతుంది. క్రింప్ మీద మళ్లీ సోల్డర్ పోయడం పొరపాటు. లోపలికి పాకిన సోల్డర్ పోగుల్ని కడ్డీలా బిగదీస్తుంది, అది ఆగిన చోటే వైరు తెగుతుంది. నేరుగా పిన్నుకే సోల్డర్ చేయాల్సివస్తే పిన్నుల మీద ఒక ఫిమేల్ స్ట్రిప్ తొడిగి చేయండి. ప్లాస్టిక్ మెత్తబడినా పిన్ను వాలదు. హీట్ ష్రింక్ స్లీవ్‌ను ముందే వైరుకు ఎక్కించుకోవాలన్న సంగతి అతుకు చల్లారాక గుర్తొస్తుంది. అందరికీ అంతే.

ఇక ఆ నాలుగు మూలల దగ్గరికి వద్దాం. అంగుళంలో నలభయ్యో వంతు పక్క ఉన్న చదరపు పిన్ను వైర్ ర్యాపింగ్ వాడుకున్న కొలత. అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఈ పద్ధతిని తీర్చిదిద్దారు. అక్కడ ఒక్కో గదిలో వేలకు వేల అతుకులు. ఒక్కోదానికీ సోల్డర్ పోస్తూ కూర్చుంటే తెమిలేది కాదు. ఈ పద్ధతిలో నిప్పూ లేదు, సీసమూ లేదు. సన్నటి వైరును లాగిపట్టి పిన్ను చుట్టూ చుడతారు, అంతే. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకల కంప్యూటర్‌లో మాడ్యూళ్లను ఒకదానితో ఒకటి కలిపింది కూడా ఈ చుట్లే.

బిగుతుగా లాగిన వైరు ప్రతి మూల దగ్గరా నొక్కుకుపోతుంది. మూల అంచు వైరులోకి దిగుతుంది. ఆ చోట ఒత్తిడి ఎంతుంటుందంటే మధ్యలోకి గాలి చొరబడదు. గాలి లేకపోతే తుప్పు రాదు. ఏడు చుట్లు చుడితే నాలుగేళ్ల ఇరవై ఎనిమిది చోట్ల లోహం లోహాన్ని కరిచి పట్టుకుంటుంది. గుండ్రటి పిన్నైతే ఆ కాటు ఉండేది కాదు.

దీనికి కావలసింది 30 గేజ్ సింగిల్ స్ట్రాండ్ వైరు, మందం పావు మిల్లీమీటరు. పెన్నంత పనిముట్టు ఒకటి. దాని కొనలో రెండు రంధ్రాలు. నడిమిది పిన్నుకు, అంచున ఉన్న సన్నది వైరుకు. తొడుగును ఒక అంగుళం మేర ఒలిచి, వైరును సన్న రంధ్రంలో దూర్చండి. తొడుగు కొస కూడా కొంచెం లోపలికి పోవాలి. వైరును పక్కకు వంచి పట్టుకుని, పనిముట్టును పిన్ను మీద దించి కుడివైపు తిప్పండి. మొదటి ఒకటిన్నర చుట్టు తొడుగుతోనే పడుతుంది. కదలికల దెబ్బ ఒలిచిన రాగి మీద పడకుండా అది కాపు.

చేయి తిరగాల్సింది తిప్పేటప్పుడే. గట్టిగా అదిమితే చుట్టు మీద చుట్టు ఎక్కుతుంది. పైకి లాగితే మధ్యలో సందులు పడతాయి. బొంగరానికి తాడు చుట్టినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. చుట్టు పక్కన చుట్టు ఒరుసుకుంటూ పడాలి, పనిముట్టు తనంతట తానే పైకి రావాలి. మామూలు బెర్గ్ పిన్ను ప్లాస్టిక్ పైన ఆరు మిల్లీమీటర్ల పొడవుంటుంది. కాబట్టి ఒకదాని మీద ఒకటిగా రెండు అతుకులు పడతాయి, మూడోదానికి చోటుండదు.

నాకు ఇందులో బాగా నచ్చేది విప్పడం. పనిముట్టు రెండో కొనను తొడిగి ఎడమవైపు తిప్పితే చుట్టలా ఊడొస్తుంది. పిన్నుకు మచ్చ లేదు, మసి లేదు. ఊడిన వైరు ముక్కను మాత్రం మళ్లీ వాడకూడదు, మూలల కాట్లు పడ్డ చోట అది విరుగుతుంది. ఒకే గ్రౌండును నాలుగైదు పిన్నులకు పాకించాల్సివస్తే గొలుసులో జతలు చూసుకోండి. ఒకటీ రెండు పిన్నుల మధ్య వైరు కింది అంతస్తులో, రెండూ మూడుది పై అంతస్తులో, మూడూ నాలుగుది మళ్లీ కింద. అప్పుడు ఒక వైరు మార్చాలంటే మహా అయితే మూడు ఊడదీస్తే సరి. ఈ క్రమం తప్పితే గొలుసు మొత్తం విప్పాల్సి రావచ్చు.

పొడుగు కాళ్ల సాకెట్లు పెట్టి బోర్డు అడుగున చుట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. బోర్డు తిప్పగానే కుడి ఎడమవుతుంది. నేను పైవైపు బొమ్మ చూస్తూ అడుగున చుట్టి, ఒక సెన్సర్‌కు ప్లస్సునూ గ్రౌండునూ తారుమారు చేశాను. అతుకులు అద్భుతంగా కుదిరాయి. పొగ కూడా వెంటనే వచ్చింది. అప్పటినుంచి బొమ్మను అద్దంలో చూసినట్టు తిరగగీసుకుని గానీ వైరు ముట్టుకోను.

మోటార్లకు మాత్రం ఈ వైరు పనికిరాదు. 30 గేజ్ వైరుకు మీటరుకు దాదాపు మూడోవంతు ఓమ్ నిరోధం ఉంటుంది. మీటరు పొడవు వైరు మీద సర్వో మోటారు ఒక ఆంపియర్ లాగితే పోయే దారిలో మూడోవంతు వోల్టు, తిరుగుదారిలో మరో మూడోవంతు వైరులోనే ఖర్చవుతాయి. సిగ్నల్ పిన్నుకు చుట్టండి. కరెంటు లాగే తీగలకు మాత్రం సోల్డరింగ్ ఐరన్ వేడెక్కాల్సిందే.