పాల ప్యాకెట్ మూల

హైదరాబాద్‌లో 2015లో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం బుట్టలు పంచారు. తడి చెత్త ఒకదాంట్లో, పొడి చెత్త ఇంకోదాంట్లో. చాలా ఇళ్లలో ఆ బుట్టలు వేరే అవసరాలకు మళ్లాయి. జనానికి శ్రద్ధ లేదని తిట్టేవాళ్లతో నేను ఏకీభవించను.

వంకాయ తొడిమ ఎందులో వేయాలో ఎవరూ ఆలోచించక్కర్లేదు. చిక్కల్లా ఎందులో వేయాలో వెంటనే తేలని వాటితోనే. రాత్రి గిన్నెలు సర్దుతుంటే నూనె పీల్చిన పిజ్జా అట్టపెట్టె, దారం ఉన్న టీ బ్యాగు, కాలం తీరిన మాత్రలు చేతికొస్తాయి. అప్పటికే రోజంతా నలిగిన బుర్ర ఇంకో నిర్ణయం తీసుకోలేక, దగ్గరున్న బుట్టలో పడేయమంటుంది. 2010లో మనస్తత్వ పరిశోధకుడు వౌటర్ కూల్ బృందం ప్రచురించిన ప్రయోగాల్లో రెండు కార్డుల కట్టలు ముందుంచితే, ఎక్కువమంది క్రమంగా బుర్రకు తక్కువ పని పెట్టే కట్టవైపే మొగ్గారు. అలసిన వంటింట్లోనూ జరిగేది అదే.

కాబట్టి ఆ ఆలోచనేదో తీరిక ఉన్నప్పుడు ఒక్కసారి చేసి పెట్టుకోవాలి. మా ఇంట్లో తేల్చుకున్న వాటిలో నాకు బాగా నచ్చింది పాల ప్యాకెట్ సంగతి. మూల పూర్తిగా కత్తిరించం, వేలాడేలా వదిలేస్తాం. తెగిపడిన ఆ చిన్న ముక్కను ఏరేవాళ్లుండరు, అది కాలువలోకే పోతుంది. ప్యాకెట్‌కే అంటుకుని ఉంటే, కడిగి ఆరబెట్టిన ప్యాకెట్‌తో పాటే పాత ప్లాస్టిక్ కొనేవాళ్లకు చేరుతుంది. ఇప్పుడు పొద్దున్నే కత్తెర పట్టుకున్నప్పుడు ఎవరమూ దాని గురించి ఆలోచించం.

భూగోళాన్ని కాపాడాలన్న మాట నిద్రమత్తులో పనిచేయదు. పగిలిన గాజు గ్లాసును పేపర్లో చుట్టేటప్పుడు నాకు గుర్తొచ్చేది రేపు ఆ చెత్త సంచిలో చెయ్యి పెట్టే పారిశుద్ధ్య కార్మికురాలు. శానిటరీ ప్యాడ్లను చుట్టి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలూ చెప్పాయి. నిబంధన తెలియనివాళ్లు కూడా ఆ చెయ్యి తలపుకొస్తే చుడతారు.

ఇంత చేశాక రెండు సంచులూ బండిలో ఒకే కుప్పగా పడటం చూస్తే ఎవరికైనా మనసు విరుగుతుంది. మర్నాడు మళ్లీ వేరుచేయమని ఆ ఇంటివాళ్లను అడిగే హక్కు ఎవరికీ లేదు. బండిలో విడి అరలుండాలి. ఏ అరలోది ఎక్కడికి వెళ్తోందో, అక్కడ ఏమవుతోందో ప్రతి కాలనీకీ మున్సిపాలిటీ చెప్పాలి.