‘ఆదిత్య 369’ – ఒక ప్రేక్షకుని మూడు మాటలు

కృష్ణా జిల్లాలో చేపల చెరువుల నడుమ నున్న నందివాడ నుండి గుడివాడ పోయి ‘ఆదిత్య 369’ చిత్రమును చూచి వచ్చిన సినిమా అభిమానిని పలుకరించినచో అతడు మూడు మాటలు చెప్పును. ఇటువంటి చిత్రము తెలుగులో అంతకు ముందు రాలేదు; ఇందులో ఉన్నదంతా సైన్సే; నేడు కాకున్న రేపైనను మనిషి ఇట్లే గతమునకు పోయి రాగలడు. మొదటి మాటను అంగీకరింపవచ్చును. తక్కిన రెండింటిని విచారింపవలెను. ఏలయన, చిత్రము చూచిన పిల్లవాడు మరునాడు బడిలో ఉపాధ్యాయుని అడుగు ప్రశ్నలు అవియే.

సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వమున 1991లో విడుదలైన ఈ చిత్రము 2025 ఏప్రిల్‌లో మరల ప్రదర్శింపబడినది. ప్రొఫెసర్ రాందాసు నిర్మించిన కాలయంత్రములో కృష్ణకుమార్, హేమ 1526వ సంవత్సరమునకు పోయి శ్రీకృష్ణదేవరాయల సభలో ప్రవేశింతురు. పిమ్మట 2504వ సంవత్సరమును చేరుదురు. అప్పటికి యుద్ధము వలన భూమి ఉపరితలము నివాసయోగ్యము కాక, మనుష్యులు భూగర్భమున బ్రతుకుచుందురు. కృష్ణకుమార్‌గాను, రాయలుగాను బాలకృష్ణయే నటించిరి.

తెలుగు ప్రేక్షకునకు వింతలు కొత్త కావు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లోని ప్రియదర్శినిని అతడు ఏ సందేహము లేక ఆనందించినాడు. పౌరాణిక చిత్రములో వింతకు కారణము చెప్పనక్కరలేదు. ఇక్కడి వింత ఒక మనిషి తన బుద్ధితో చేసిన యంత్రము. ఆ యంత్రమునకు నియమము ఉండవలెను. ఈ భేదమును సామాన్య ప్రేక్షకునకు తెలియజేసినది ఈ చిత్రమే. కె.వి. రెడ్డి వద్ద పని నేర్చిన సింగీతం, రాయల సభను, భావి నగరమును ఒకే కథలో ఇముడ్చుటలో గొప్ప నేర్పు చూపినారు.

ఇక సైన్సు మాట. ఎచ్.జి. వెల్స్ కాలయంత్రమును గూర్చిన నవలను ప్రకటించినది 1895లో. పదేండ్ల తరువాత, 1905లో, ఐన్‌స్టీన్ తన సాపేక్షతా సిద్ధాంతమున వేగముగా పోవు గడియారము మెల్లగా నడచునని నిరూపించెను. 1971లో విమానములలో పరమాణు గడియారములను భూమి చుట్టును త్రిప్పి ఈ సంగతిని పరీక్షించినారు. కావున భవిష్యత్తునకు పోవుట ప్రకృతికి విరుద్ధము కాదు. 1991లో బయలుదేరినవాడు ఒక్క ఏడు మాత్రమే వయసు పెరిగి 2504లో తిరిగి రావలెనన్న, కాంతి వేగమున కంటె సెకనుకు సుమారు 570 మీటర్లు మాత్రమే తక్కువ వేగముతో ప్రయాణింపవలెను. కాంతి వేగము సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు. అట్టి వాహనము మన చేతిలో లేదు. కాని సూత్రము కలదు.

గతమునకు పోవుట వేరు సంగతి. 1949లో గోడెల్ అను గణితవేత్త, విశ్వమంతయు ఒక విధముగా పరిభ్రమించుచున్నచో గతమును చేరు మార్గములు ఉండునని చూపెను. మన విశ్వము అట్లు పరిభ్రమించుచున్నట్లు నిదర్శనము లేదు. అట్టి మార్గములను ప్రకృతి నియమములే అడ్డుకొనునని 1992లో హాకింగ్ ఊహించెను. భాగవతములోని రైవతుడు కుమార్తె రేవతితో బ్రహ్మలోకమునకు పోయి వచ్చునప్పటికి భూమిపై యుగములు గడచినవి. దానిని సైన్సనరాదు, అయినను ఆ కథలో కూడ ప్రయాణము ముందునకే.

గతమునకు పోయిరని చూపుట తప్పు కాదు. కథకునకు ఒక్క అసాధ్యమును ఊహించు హక్కు కలదు. ఊహించిన పిమ్మట దాని ఫలితములను తప్పించుకొనరాదు. 1526లో ఇద్దరు కొత్తవారు రాజసభ వ్యవహారములలో తలదూర్చినచో తరువాతి చరిత్ర మారునా? లేక వారి రాకయు ఆ చరిత్రలో భాగమేనా? ఏ జవాబైనను కథ మరింత బిగువుగా నుండెడిది. చిత్రము ఈ ప్రశ్నను పాటల నడుమ, పోరాటముల నడుమ విడిచివేసినది. ఇదియే దీని ముఖ్యమైన లోపము.

భావి ప్రపంచమునందలి అణుధార్మికతకు కూడ లెక్క కలదు. అణువిస్ఫోటన ధూళిలో చాల కాలము బాధించు సీజియం-137 అర్ధాయువు సుమారు 30 ఏండ్లు. 300 ఏండ్లలో అది వెయ్యవ వంతునకు తగ్గును. ప్లుటోనియం-239 అట్లు కాదు. దాని అర్ధాయువు 24 వేల ఏండ్లు. కావున ఉపరితలమున ప్రమాదము మిగులునా అనునది యుద్ధము జరిగిన కాలమును బట్టియు, మిగిలిన పదార్థమును బట్టియు ఉండును. లెక్క ఎట్లున్నను, అణుయుద్ధము తరువాత తరతరములను వెంటాడునని ఈ చిత్రము చేసిన హెచ్చరిక సరియైనదే.

నందివాడ అభిమాని ఉత్సాహమును చదువుకున్నవారు పరిహసింపరాదు. అతని రెండవ మాట సగము నిజము. మూడవ దానికి నేటి భౌతికశాస్త్రమున ఆధారము లేదు. బడిలో పిల్లవాడు అడిగినప్పుడు “అంతా కట్టుకథ” అని కసరుకొనక, ముందునకు దారి యెందుకున్నదో, వెనుకకు ఎందుకు కనబడుటలేదో నల్లబల్లపై లెక్క వేసి చూపుట మేలు. ఆ లెక్కకు అవకాశము కల్పించిన తెలుగు చిత్రములు బహు కొద్ది.