కడలి అడుగున కళాయి

సోమవారం పొద్దున దోశ పెనానికి అంటుకుంది. మా ఇనప పెనానికి కాదు, కిందటి సంక్రాంతికి మా అబ్బాయి కొనిచ్చిన నాన్‌స్టిక్ పెనానికి. అట్లకాడతో గీకితే దోశతోపాటు నల్లటి పొర కూడా తునకలై లేచొచ్చింది. ఈ కాలమ్ పాత పాఠకులకు పూతల మీద నా కసి కొత్త కాదు. గుడి రాతి స్తంభాలకు ఎనామిల్ రంగు కొట్టడం మీదే రెండుసార్లు విరుచుకుపడ్డాను. పూత అంటే దాపరికం అన్నది నా పాత పాట. ఆ తునకల్ని కాగితంలో పొట్లం కట్టి, ఈవారం దీని సంగతి తేల్చాలనుకున్నాను.

సాయంత్రం మేనల్లుడొచ్చాడు. కాకినాడకి ఎదురుగా కేజీ బేసిన్ లోతు నీళ్లలో గ్యాస్ తీసే ఓ కంపెనీలో పని. నెల నీళ్ల మీద, నెల నేల మీద. పొట్లం విప్పి చూసి నవ్వాడు. "నువ్వు తిట్టే ఈ పూత కోసమే మా గొట్టాల వాళ్లు తపస్సు చేస్తున్నారు మావయ్యా."

వాడు చెప్పింది ఇదీ. బావిలోంచి గ్యాస్‌తోపాటు నీళ్లూ వస్తాయి. పదిహేను వందల మీటర్ల అడుగున నీరు సుమారు 4 డిగ్రీల చలిలో ఉంటుంది. గొట్టంలో ఒత్తిడి ఏ 40 రెట్లో వాతావరణాన్ని దాటిందంటే, 20 నీటి అణువులు చేతులు పట్టుకుని చుట్టూ పంజరంలా నిలబడి, మధ్యలో మీథేన్‌ని బంధిస్తాయి. అలాంటి పంజరాలు కోట్లు పేరుకుంటే మంచులా గడ్డకడుతుంది. దాన్నే హైడ్రేట్ అంటారు. సున్నా డిగ్రీల కంటే పైనే గడ్డకట్టే ఈ మంచుకి అగ్గిపుల్ల చూపిస్తే మండుతుంది. గ్యాస్ లైన్లు మూసుకుపోయేది మామూలు మంచుతో కాదు, దీనితోనని 1934లో అమెరికాలో హామర్‌ష్మిడ్ట్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చాడు. 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ పేలి, బావిలోంచి చమురు కారుతుంటే, సుమారు వంద టన్నుల ఉక్కు గోపురాన్ని దించి దాని మీద బోర్లించబోయారు. హైడ్రేట్లు గోపురం పైభాగాన పేరుకుని దారి మూసేశాయి. ఆ ప్రయత్నం అక్కడితో సరి.

"గడ్డ పడితే కరిగించొచ్చుగా?" అన్నాను. "ఒక వైపే ఒత్తిడి దించితే, రెండో వైపు ఒత్తిడి దాన్ని తుపాకీ గుండులా తోస్తుంది. వంపు దగ్గర గొట్టాన్నే చీల్చుకుని పోతుంది. అందుకే రెండు వైపులా మెల్లగా దించుతారు. రోజులు పడుతుంది." అందుకని గడ్డ పడనివ్వకుండా మెథనాలో, గ్లైకాలో కలుపుతూ ఉంటారు. ఒక్కోసారి నీళ్లలో సగం దాకా అదే. ఈ ఖర్చు తప్పించడానికే లోపలి పూత ఆలోచన. గోడకి అంటుకోకపోతే గడ్డ పెరగదు, ప్రవాహమే ఊడ్చుకుపోతుంది.

ఇదే కేజీ బేసిన్‌లో 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే నౌక తవ్వి చూస్తే, ఒకచోట వంద మీటర్లకు పైగా మందాన హైడ్రేట్ పొర బయటపడింది. అక్కడ అది నిధి. గొట్టంలోకొస్తే గడ్డ.

లోపలి పూత అనగానే నా మనసు గొట్టం వదిలేసి మా వీధిలోకి పోయింది. కళాయి సాయిబు. "కళాయీ... గిన్నెలకు కళాయీ" అని కేక వినపడితే నాయనమ్మ ఇత్తడి గుండిగలన్నీ అరుగు మీదికి చేర్చేది. వేపచెట్టు కింద జానెడు గొయ్యి తవ్వి, తిత్తి పెట్టి, బొగ్గులు రాజేసేవాడు. ముందు గుండిగలో ఇసక పోసి, అందులో నిలబడి, గోడ పట్టుకుని నడుం తిప్పుతూ కాళ్లతో తోమేవాడు. అది నాట్యమో పనో మాకు తెలిసేది కాదు. గిన్నె కాగాక నవాసాగరం పొడి చల్లితే ముక్కులు అదిరే తెల్లటి పొగ. తగరం కడ్డీ అలా తాకించి, దూది గుడ్డతో ఒక్క తిప్పు తిప్పేవాడు. నల్లటి గిన్నె కడుపులో వెన్నెల పాకినట్టుండేది. వెంటనే నీళ్లతొట్టిలో ముంచితే చుంయ్‌మని చప్పుడు. ఆ చప్పుడు కోసమే బడి ఎగ్గొట్టేవాళ్లం.

ఆ పొగ దేనికో చాలా ఏళ్లకి తెలిసింది. ఇత్తడికి పట్టిన మసినీ చిలుమునీ నవాసాగరం తినేస్తే తప్ప తగరం అంటుకోదు. పూతకి కష్టమంతా అక్కడే ఉంది. ఒక పక్క ప్రాణం పెట్టి పట్టుకోవాలి, రెండో పక్క దేన్నీ పట్టుకోకూడదు. కళాయి పోయిన గిన్నెలో చారు కాస్తే రాత్రికల్లా చిలుమెక్కేది. అందుకే ఆర్నెల్లకోసారి సాయిబు రావాల్సిందే.

ఇక్కడ మేనల్లుణ్ణి పట్టుకున్నాననుకున్నాను. "ఒరేయ్, కళాయి నిలిచింది తగరం వల్ల కాదు, సాయిబు మళ్లీ రావడం వల్ల. పాతికేళ్లు అడుగున పడుండే గొట్టంలోకి తిత్తి పట్టుకుని ఎవడు దిగుతాడు? ఇసక రాపిడికి మీ పూత నా పెనంలాగే లేచిపోతుంది." కాలమ్ అక్కడితో అయిపోయిందనుకుని పెన్ను కూడా తీశాను.

వాడు తొణకలేదు. అమెరికాలో ఎంఐటీలో కృపా వారణాసి బృందం 2012లో హైడ్రేట్ ఉక్కుని పట్టుకునే బలాన్ని పూతతో నాలుగో వంతుకి దించి చూపించింది. టమాటా సాస్ చుక్క మిగలకుండా జారిపోయే సీసా ఆ ఏడాది లోకమంతా తిరిగిందే, అదీ ఆ ప్రయోగశాలదే. తర్వాత 2017లో ఇంకో అడుగు వేశారు. గోడని సన్నటి గరుకుతో తీర్చి, ప్రవాహంలో ఎలాగూ ఉండే చమురు దాని మీద పల్చగా పరుచుకునేలా చేశారు. నీళ్లకి గోడ దొరకదు. చమురు పొర కాస్త చెరిగినా, వెనకొచ్చే చమురు మళ్లీ పూసిపోతుంది.

అంటే సాయిబు గొట్టంలోనే కాపురం ఉంటాడన్నమాట! నోట మాట రాలేదు. కాసేపటికి తేరుకుని అడిగాను: "మరి మీ గ్యాస్ లైన్లో?" వాడు నవ్వాడు. "మా దాంట్లో పూయడానికి చమురేదీ? మాకు గ్లైకాలే గతి. ఒడ్డున నీళ్లు ఇగరగొట్టి, మళ్లీ లోపలికి పంపుతాం. అదే గ్లైకాల్, అదే తిరుగుడు."

సగం గెలిచానన్న ధైర్యంతో వంటింట్లోకెళ్లాను. మా ఆవిడ ఇనప పెనం పొయ్యి మీద పెట్టి, కోసిన ఉల్లిపాయ నూనెలో ముంచి రుద్దుతోంది. "చూశావా, ముప్ఫై ఏళ్లయినా పూత లేకుండా ఎలా పనిచేస్తోందో" అన్నాను.

ఆవిడ తల తిప్పలేదు. "ఆ నలుపేమిటనుకున్నారు? నూనె కాగి కాగి కట్టిన పూతే. అత్తయ్యగారు మొదలెట్టారు, నేను రోజూ రాస్తున్నాను. మీరెప్పుడూ రాయలేదు కాబట్టి మీకు కనపడలేదు."

దోశ చుట్టూ అంచు లేచింది. అట్లకాడ అక్కర్లేకుండానే పళ్లెంలోకి జారింది. చేతిలో ఉన్న పొట్లం ఎక్కడ పారెయ్యాలో తోచక కాసేపు అలాగే నిలబడ్డాను.