యంత్రం రాసిన మాటకు రూపం ఎవరివ్వాలి?

వేసవి ముదిరేసరికి ప్రభుత్వ శాఖలు, పురపాలక సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు వడదెబ్బ జాగ్రత్తలు ప్రచారం చేస్తాయి. 2015 మే నెలలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా ఎండకు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కాబట్టి వీటిని మొక్కుబడి ప్రకటనలుగా చూడలేం. అలాంటి సూచనల్ని ఇవాళ కృత్రిమ మేధను అడిగితే నిమిషంలో రాసిస్తుంది. భాషలో పెద్ద తప్పులు కూడా ఉండకపోవచ్చు. చిక్కంతా దాని రూపంతోనే. పైన శీర్షిక, దాని కింద ఉపోద్ఘాతంగా ఒక వాక్యం, ఆ తర్వాత బొద్దు అక్షరాలతో మొదలయ్యే ఏడెనిమిది అంశాలు, చివర ఒక ముక్తాయింపు. గోడపత్రికకైనా, ఎస్‌ఎంఎస్‌కైనా, రేడియోకైనా అడక్కపోతే అదే అచ్చు. దాన్ని ఎక్కడికక్కడ తగినట్టు మలచడాన్ని ఆఖర్న చేసే అలంకారంగా భావించడం మామూలైపోయింది. ఈ భావన తప్పని నా వాదన. ఎవరు వింటారో, ఎక్కడ చదువుతారో తేల్చుకోవడంతోనే రచన మొదలవుతుంది. ఆ తేల్చుకునే విద్య తెలుగులో శతాబ్దాలుగా ఉంది. యంత్రం వచ్చాక దాని అవసరం తగ్గలేదు, పెరిగింది.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణం రాసేనాటికి పద్యమూ వచనమూ కలిసిన చంపూ పద్ధతి పండితుల మన్నన పొంది ఉంది. ఆయన దాన్ని పక్కనపెట్టి ద్విపదను ఎంచుకున్నాడు. భక్తులు గుంపుగా పాడుకోవడానికి, చదువు రానివాళ్లు విని గుర్తుంచుకోవడానికి వీలైన ఛందస్సు అది. ఎందుకు ఎంచుకున్నాడో కావ్యంలోనే చెప్పుకున్నాడు కూడా. తర్వాతి కాలంలో పిడుపర్తి సోమనాథుడు అదే బసవపురాణాన్ని పద్యకావ్యంగా తిరగరాశాడు. కథ అదే, భక్తీ అదే, పాఠకులు మాత్రం వేరు. రామాయణం సంగతీ అంతే. తోలుబొమ్మలాట కళాకారులు తెర వెనక ఎక్కువగా ఆశ్రయించింది ద్విపదలో ఉన్న రంగనాథ రామాయణాన్ని. చంపువుగా వెలసిన భాస్కర రామాయణం మరో రకం రసికుల చేతుల్లోకి వెళ్లింది. రాత్రంతా సాగే ఆటలో మధ్యలో వచ్చి కూర్చున్నవాడికి కూడా కథ అందాలంటే భావం త్వరత్వరగా ఒక కొలిక్కి రావాలి, పేర్లు మళ్లీ మళ్లీ వినపడాలి. ద్విపద ఆ పని చేస్తుంది. అంటే, ఎంచుకున్న రూపమే ఏది ముందు చెప్పాలో, ఏది ఎన్నిసార్లు చెప్పాలో నిర్ణయిస్తోంది.

బుర్రకథ ఈ విద్యను ఇంకా ముందుకు తీసుకెళ్లింది. నడుమ తంబురాతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. హాస్యపు వంత జనానికి కలిగే సందేహాన్ని జనం మాటల్లోనే అడుగుతాడు. రాజకీయపు వంత జరుగుతున్న కథను నేటి సంగతులతో ముడిపెడతాడు. షేక్ నాజర్ వంటి కళాకారులు ప్రజానాట్యమండలి వేదికల మీద సమకాలీన విషయాల్ని వేలమందికి అందించగలిగారంటే అందులో ఈ ముగ్గురి పని విభజనకు పెద్ద వాటా ఉంది. ఆకాశవాణి గ్రామీణ కార్యక్రమాల్లో సేద్యం సలహాలు ప్రసంగంగా కాక సంభాషణగా రావడంలోనూ ఇదే తెలివి కనిపిస్తుంది. ఇప్పటి సంగారెడ్డి జిల్లా మాచనూరులో 2008లో ప్రసారాలు మొదలుపెట్టిన సంఘం రేడియోను దళిత మహిళలే నడుపుతున్నారు, అక్కడి యాసలోనే మాట్లాడుతున్నారు. ఇప్పుడు యంత్రం ఇచ్చిన వడదెబ్బ జాబితా తీసుకోండి. మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా బయటికి వెళ్లవద్దని ఒక అంశం ఉంటుంది. వినేది దినకూలీ అయితే వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: పని మానేస్తే కూలి ఎవరిస్తారు? జాబితాలో ఆ ప్రశ్నకు చోటు లేదు. ఇద్దరి సంభాషణగా మలిచినప్పుడు దాన్ని అడిగి తీరాలి. అడిగాక పొద్దున్నే పని మొదలుపెట్టడం, పనిచోట నీడ, నీళ్లు ఏర్పాటు చేయమని మేస్త్రీని అడగడం వంటి సంగతులు రావాలి. రూపం మార్చబోతే కొత్త విషయం అవసరమైంది. దీన్ని అలంకారమని ఎలా అనగలం?

జాబితాల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే తెలుగు వాక్యానికి వాటివల్ల జరిగే నష్టం కంటికి కనిపించదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ విప్పి, లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో పోసి, పూర్తిగా కరిగేదాకా కలిపి, కొద్దికొద్దిగా తాగించాలి అన్నప్పుడు పనుల వరుస ఆ క్రియల్లోనే ఉంది. ఏది ముందో ఏది తర్వాతో చెప్పడానికి అంకెలు అక్కర్లేదు. దాన్నే నాలుగు ముక్కలుగా విరిచి నాలుగు చుక్కలు పెడితే వరుస పోయి, నాలుగు విడివిడి సలహాలుగా మిగులుతాయి. కాబట్టి, అయితే, లేకపోతే వంటి మాటలు ముందుగా రాలిపోయేదీ అక్కడే. కారణాన్ని, షరతును మోసేవి ఆ మాటలే. బొద్దు అక్షరాలదీ ఇలాంటి కథే. నొక్కి చెప్పడానికి తెలుగులో పదాల వరుస ఉంది, చివర చేరే ఏకారం ఉంది. నీడలోనే పడుకోబెట్టాలి అంటే చాలు. చిన్న తెర మీద అక్షరం బొద్దుగా మారితే థకారంలో చుక్క పూడుకుపోయి ధకారంలా కనిపించే ప్రమాదం కూడా ఉంది. సరుకుల పట్టీ, ఫోన్ నంబర్లు, బస్సు వేళల వంటివి జాబితాగానే బాగుంటాయి, అందులో వివాదం లేదు.

వేదికల లెక్కలు కూడా తెలిసి ఉండాలి. అవి పొడి సంగతులే అయినా పని అక్కడే చెడుతుంది. ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే ఒక ఎస్‌ఎంఎస్‌లో తెలుగు 70 మాత్రమే పడుతుంది. ఆ 70 కూడా మనం పలికే అక్షరాలు కావు. స్త్రీ అనే ఒక్క అక్షరానికే ఆరు సంకేతాలు ఖర్చవుతాయి. కనుక ఎస్‌ఎంఎస్‌లో ఒకే పనిని చెప్పాలి, మిగతాదానికి ఫోన్ నంబరు ఇవ్వాలి. వాట్సాప్‌లో బొద్దు అక్షరానికి మాటకు ఇరువైపులా ఒక్కో నక్షత్రం గుర్తు చాలు. యంత్రం తరచూ రెండేసి పెడుతుంది. అలాగే అతికిస్తే ఆ గుర్తులు పైకి కనిపిస్తూ సందేశమంతా గందరగోళంగా మారుతుంది. పొడుగైన సందేశం సగంలో ముడుచుకుపోతుంది కాబట్టి ఉపోద్ఘాతం తీసేసి చేయాల్సిన పనిని మొదటి పంక్తిలోకి తేవాలి. కరపత్రం వేయించాలంటే మరో ఇబ్బంది. యంత్రం ఇచ్చేది యూనికోడ్ అయితే, మన డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లు, పాత పేజ్‌మేకర్ వాడకం ఇంకా పోలేదు. మార్చే క్రమంలో వత్తులు, గుణింతాలు చెదురుతాయి. అందుకని ఒకసారి సరిచూసిన ప్రతినే మళ్లీ ప్రూఫు చూడాలి. రేడియో ప్రతిలో కుండలీకరణాలు వినపడవు. పెద్ద సంఖ్యను దగ్గరి రౌండ్ ఫిగర్‌గా చెప్పాలి.

ఇన్ని నియమాలు మనిషికెందుకు, వాట్సాప్‌కు తగ్గట్టు రాయమంటే యంత్రమే రాస్తుంది కదా అన్నది బలమైన అభ్యంతరమే. నిజంగానే రాస్తుంది. నక్షత్రాలు సరిచేస్తుంది, నిడివి తగ్గిస్తుంది. ఇంత పని అది చేసిపెడితే సంతోషంగా తీసుకోవాలి. కానీ అది సర్దేది వేదిక నియమానికి. ఆ సందేశం ఏ గ్రూపులోకి వెళ్తుందో, అందులో చదివేవాళ్లెవరో, చదివించుకుని వినేవాళ్లెవరో, మజ్జిగను సల్ల అనేవాళ్లెవరో మనం చెప్పనిదే దానికి తెలియదు. వాళ్ల గురించి చెప్పగలగాలంటే ముందు వాళ్లు మనకు తెలియాలి. పాల్కురికి సోమనాథుడికి ద్విపద కట్టే నేర్పు ఎంత ముఖ్యమో, తన భక్తగణం ఎలా పాడుకుంటుందో ఎరిగి ఉండటం అంతకన్నా ముఖ్యం. మొదటిదాంట్లో యంత్రం సాయపడుతుంది, రెండోది మన దగ్గర నుంచే వెళ్లాలి.

శ్రోతకు తగ్గట్టు మార్చుకుంటూ పోతే నిజం మారిపోదా అన్న అభ్యంతరం ఇంతకన్నా లోతైనది. మారే ప్రమాదం ఉంది, దాచాల్సిన పనిలేదు. అందుకే మలచడానికి ముందే మారకూడనివి ఏవో విడిగా రాసి పెట్టుకోవాలి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు, చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్ల గ్లాసుకు. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏదీ పోయకూడదు. 108కి ఫోన్ చేయాలి. ఇవి ఎస్‌ఎంఎస్‌లో పట్టకపోతే పూర్తిగా వదిలి ఇంకో సందేశంలో పంపాలే తప్ప, సగం చెప్పి సరిపెట్టకూడదు. ఓఆర్‌ఎస్ కలిపి తాగండి అని కుదించినప్పుడు పెద్ద ప్యాకెట్‌ను గ్లాసు నీళ్లలో కలిపే ఇల్లు తప్పకుండా ఉంటుంది, ఆ గాఢత పసిపిల్లలకు హాని చేస్తుంది. రౌండ్ ఫిగర్లు మృతుల లెక్కలకు, వర్షపాతానికి సరిపోతాయి, మందు మోతాదుకు పనికిరావు. మోతాదును రేడియోలో రెండుసార్లు చెప్పాలి. పద్యంలోకి మారినా బసవడు బసవడిగానే ఉన్నాడంటే, మలిచినవాళ్లకు దేన్ని ముట్టుకోకూడదో తెలుసు కాబట్టి.

ఇంత జాగ్రత్తకు చిన్న కార్యాలయాల్లో తీరిక ఎక్కడిదంటారు. యంత్రం మిగిల్చిన సమయంలోంచే తీయాలి. గంటలో రాయాల్సింది నిమిషంలో వచ్చినప్పుడు, అదే గంటలో పావువంతైనా పైకి చదివి చూడటానికి, ఆ వాడలోని ఆశా కార్యకర్తకు ఒకసారి వినిపించడానికి కేటాయించకపోతే ఆ వేగంతో మనకేం ఒరిగింది? పనిలో పనిగా సందేశం అడుగున తేదీ, సరిచూసిన వాళ్ల పేరు, హోదా ఉండాలి. వార్తాపత్రిక ప్రతి సంచికలోనూ ముద్రాపకుడి పేరు, సంపాదకుడి పేరు వేస్తుంది. ఎన్నికల కరపత్రం మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు ఉండాలని చట్టమే అడుగుతుంది. చేతులు మారే వాట్సాప్ సందేశానికి మాత్రం అమ్మాబాబూ ఉండరు. నిరుటి వడగాల్పు హెచ్చరిక ఈ ఏడు మళ్లీ చక్కర్లు కొడుతుంది. యంత్రం రాసిందైతే అడగడానికి రచయిత కూడా ఉండడు. కాబట్టి ఆఖరి పంక్తిలో ఆ పేరు, ఆ తేదీ పెట్టడాన్ని కూడా ఈ మలిచే పనిలో భాగంగానే లెక్కించాలి.